కళా మ్యూజియాల విద్యాపాత్ర

చిత్రాలు, శిల్పాలు, అలంకార వస్తువులు మొదలైన కళాఖండాలను సేకరించి భద్రపరిచే మ్యూజియాలు, ఆ వస్తువులనే ఆధారం చేసుకొని సందర్శకులకు అందించే బోధననూ, వారు స్వయంగా నేర్చుకోవడానికి కల్పించే అవకాశాలనూ కలిపి కళా మ్యూజియాల విద్యాపాత్రగా పరిగణిస్తారు. పాఠ్యక్రమం, పరీక్ష, హాజరుపట్టీ లేని ఈ విద్యలో ఏ వస్తువు ముందు ఎంతసేపు నిలవాలో, దేన్ని దాటిపోవాలో చూసేవారే నిర్ణయించుకొంటారు కనుక విద్యావేత్తలు దీన్ని అనియత విద్యలో, అంటే తరగతి కట్టుబాట్లకు వెలుపల సాగే విద్యలో చేరుస్తారు. అంతర్జాతీయ మ్యూజియాల మండలి 2022 ఆగస్టులో ప్రాగ్ నగరంలో ఆమోదించిన నిర్వచనం సేకరణ, సంరక్షణలతో పాటు విద్యనూ, ఆనందాన్నీ, ఆలోచననూ, జ్ఞానాన్ని పంచుకోవడాన్నీ మ్యూజియం లక్ష్యాలుగా పేర్కొంది. అయితే విద్య అంటే ఏమిటన్న దానిపై మ్యూజియాల వారికి ఏనాడూ ఏకాభిప్రాయం లేదు. వస్తువును గురించిన సమాచారం అందించడమా, వస్తువును చూడడం నేర్పడమా అన్న వివాదం రెండు శతాబ్దాలుగా సాగుతూనే ఉంది.

ఫ్రెంచి విప్లవకాలంలో, 1793 ఆగస్టు 10న, పారిస్‌లోని లూవ్ర్ రాజప్రాసాదాన్ని మ్యూజియంగా తెరిచినప్పుడు దాని తొలి విద్యార్థులు చిత్రకారులే. నాటి విప్లవ పంచాంగంలోని పది రోజుల వారంలో సామాన్య ప్రజలకు కేటాయించినవి చివరి మూడు రోజులు మాత్రమే కాగా, మిగిలిన దినాలలో ఎక్కువ భాగం పూర్వ చిత్రకారుల కృతులకు నకళ్లు గీసి నేర్చుకొనేవారికి దక్కింది.

సామాన్యుల విద్యను ఉద్దేశించి ప్రణాళికాబద్ధంగా నడిచిన తొలి ప్రయోగాల్లో ముఖ్యమైనది లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియం. 1851లో లండన్‌లో జరిగిన పారిశ్రామిక మహాప్రదర్శన తరువాత బ్రిటిష్ తయారీ వస్తువులు రూపకల్పనలో ఫ్రెంచి వస్తువులకు తీసికట్టుగా ఉన్నాయన్న ఆందోళన బలపడగా, హెన్రీ కోల్ నాయకత్వంలో 1852లో వస్తూత్పత్తుల మ్యూజియంగా మొదలైన ఈ సంస్థ 1857లో సౌత్ కెన్సింగ్టన్‌కు తరలి, 1899లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం అన్న పేరు పొందింది. పగలంతా పనిలో ఉండే కార్మికులు రాగలిగేలా గ్యాసు దీపాలు అమర్చి రాత్రిపూట కూడా తెరిచి ఉంచడం, వారంలో కొన్ని రోజులు ఉచిత ప్రవేశం కల్పించి మిగిలిన రోజులను ఆరు పెన్నీల రుసుముతో విద్యార్థుల దినాలుగా కేటాయించడం, కళాపాఠశాలలకు వస్తువులను అరువుగా పంపడం ఇక్కడి విధానాలు. ఇటలీకి వెళ్లలేని విద్యార్థి కోసం మైకెలాంజెలో డేవిడ్ విగ్రహానికీ, ట్రాజన్ స్తంభానికీ తీసిన ప్లాస్టర్ అచ్చులను, స్తంభపు అచ్చును రెండు ముక్కలుగా నిలబెట్టి, ఉంచిన శాలలు 1873లో తెరుచుకున్నాయి. కోల్ దృష్టిలో ఇదంతా కళారాధన కాదు, వ్యాపారావసరం. కానీ కార్మికుడి పనివేళలకు తగినట్లు తన తలుపులు తెరిచిన మ్యూజియం నేటికీ అరుదే.

మ్యూజియాన్నీ కళాపాఠశాలనూ జంటగా నడిపే ఈ పద్ధతి వలసపాలనలోని భారతదేశానికీ వచ్చింది. లాహోరులో 1875 నుంచి మేయో కళాపాఠశాల ప్రధానాచార్యుడిగా, లాహోర్ మ్యూజియం నిర్వాహకుడిగా రెండు బాధ్యతలనూ జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్ ఒక్కడే వహించాడు.

సమాచార బోధనకు ఎదురుగా, చూడడాన్నే ప్రధానం చేసిన వాదం అమెరికాలోని బోస్టన్ లలితకళా మ్యూజియంలో బలపడింది. ఆ సంస్థ కార్యదర్శి బెంజమిన్ ఐవ్స్ గిల్మన్ కళాఖండం ఉండేది పాఠం చెప్పడానికి కాక ఆస్వాదించడానికేనని వాదిస్తూనే, ఆస్వాదనకు సాయం కావాలని గుర్తించి, సందర్శకుల పక్కన నిలిచి వివరించే డోసెంట్ల వ్యవస్థను 1907లో ప్రవేశపెట్టాడు. నేడు ప్రపంచమంతటా మ్యూజియాలలో కనిపించే స్వచ్ఛంద వ్యాఖ్యాతలకు మూలం ఇదే. అద్దాల బీరువాల్లోని వస్తువులను చూడడానికీ, వివరణ పలకలు చదవడానికీ మనిషి ఎంతగా వంగవలసి వస్తుందో ఫోటోలతో చూపుతూ 1916లో ఆయన ప్రచురించిన వ్యాసం మ్యూజియం అలసట అన్న భావనకు ప్రచారం కల్పించింది. నడుము నొప్పితో నిలబడ్డవాడికి సౌందర్యబోధ సాధ్యం కాదన్న ఈ సామాన్య సత్యాన్ని శాలల రూపకర్తలు ఇప్పటికీ తరచుగా విస్మరిస్తారు.

న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో 1937 నుంచి విద్యావిభాగాన్ని నడిపిన విక్టర్ డి'అమికో మరొక దారి తొక్కి, పిల్లలు కళను చేతులతో చేసి తెలుసుకోవాలని 1942లో చిల్డ్రన్స్ ఆర్ట్ కార్నివాల్ అనే కార్యశాలను ప్రారంభించాడు. ఇది 1963లో భారతదేశానికి కూడా వచ్చింది. అదే మ్యూజియం విద్యాధికారి ఫిలిప్ యెనవైన్, మనోవిజ్ఞాన పరిశోధకురాలు అబిగేల్ హౌసెన్ తరువాతి కాలంలో రూపొందించిన దృశ్య చింతన పద్ధతిలో బోధకుడు చిత్రకారుడి పేరు కూడా ముందుగా చెప్పడు. ఈ చిత్రంలో ఏం జరుగుతోంది, అలా అనడానికి చిత్రంలో ఏం కనిపించింది, ఇంకా ఏమేం కనిపిస్తున్నాయి అనే మూడు ప్రశ్నలతోనే చర్చ సాగుతుంది. రెండో ప్రశ్న ఈ పద్ధతికి ప్రాణం, ఎందుకంటే అభిప్రాయానికి ఆధారం చూపడాన్ని అది అలవాటు చేస్తుంది. చారిత్రక సందర్భం తెలియకుండా మత శిల్పాన్నో రాజకీయ చిత్రాన్నో సరిగా అర్థం చేసుకోలేమన్న విమర్శ సమంజసమే అయినా, అది పద్ధతికి చేర్చవలసిన దాన్ని సూచిస్తుందే తప్ప పద్ధతిని కాదనదు.

ఇటువంటి బోధన ఫలితాలను కొలవడం కష్టమన్న భావనను అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో జరిగిన ఒక అధ్యయనం చాలావరకు తొలగించింది. అక్కడి బెంటన్‌విల్ పట్టణంలో 2011లో క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియం తెరిచినప్పుడు, చూడడానికి దరఖాస్తు చేసిన పాఠశాలలు ఎక్కువగా ఉండడంతో లాటరీ తీసి కొందరికి ముందుగా అవకాశం ఇచ్చారు. దీనివల్ల వెళ్లినవారినీ, ఇంకా వెళ్లనివారినీ పోల్చడం పరిశోధకులకు వీలైంది. సుమారు 11,000 మంది విద్యార్థులపై జరిపిన ఈ పరిశీలనలో, గంటసేపట్లో దాదాపు ఐదు చిత్రాలను మాత్రమే చూసి చర్చించిన పిల్లలు కొత్త చిత్రాన్ని విశ్లేషించడంలో మెరుగయ్యారని తేలింది. ఈ లాభం గ్రామీణ, పేద పాఠశాలల పిల్లల్లో మరింత ఎక్కువగా కనిపించింది. విశేషమేమంటే, సమాచారాన్ని బట్టీ పట్టించకపోయినా అది వారికి గుర్తుండిపోయింది. బానిసల శ్రమతో తయారయ్యే చక్కెరకు ప్రత్యామ్నాయంగా బానిసత్వ వ్యతిరేకులు మేపుల్ పాకం తీస్తున్న ఒక చిత్రం వెనుక కథను, వారాల తరువాత కూడా 88 శాతం మంది చెప్పగలిగారు.

స్వతంత్ర భారతదేశంలో బరోడాలోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం 1952లో మ్యూజియం శాస్త్ర విభాగాన్ని స్థాపించగా, ముంబయిలోని ఛత్రపతి శివాజీ మహారాజ్ వాస్తు సంగ్రహాలయ 2015లో మ్యూజియం బస్సును ప్రారంభించి వస్తువులనే బడుల వద్దకు తీసుకువెళ్లింది. హైదరాబాదులోని రాష్ట్ర మ్యూజియం, అజంతా గుహలు నిజాం రాజ్యంలో ఉన్న కాలంలో చేయించిన కుడ్యచిత్రాల నకళ్లను ప్రదర్శిస్తుంది. ఇవి సౌత్ కెన్సింగ్టన్ అచ్చుల కోవకు చెందినవే అయినా, మూలచిత్రాలు క్రమంగా మసకబారుతున్నందువల్ల బోధనసామగ్రి స్థాయిని దాటి చారిత్రక ఆధారాలుగా కూడా విలువ సంపాదించాయి.

అదే హైదరాబాదులో 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన సాలార్‌జంగ్ మ్యూజియం 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొంది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మారింది. గంట కొట్టే బొమ్మ కోసం సంగీత గడియారం ముందు గుమిగూడే జనం, శిల్పి బెంజోని పాలరాతిలో పలుచని మేలిముసుగుతో చెక్కిన రెబెకా విగ్రహం ముందు ఆగిపోయే జనం ఇక్కడ నిత్య దృశ్యం. ఈ ఆశ్చర్యాన్ని అజ్ఞానంగా భావించి చులకన చేయడం సరికాదు. రాయి వస్త్రంలా ఎలా కనిపిస్తోందన్న ప్రశ్న అప్పటికే వారి మనసులో పుట్టి ఉంటుంది కనుక బోధన మొదలుపెట్టడానికి అంతకంటే మంచి చోటు దొరకదు. ఒక్క పూటలో అన్ని గదులనూ చుట్టివచ్చే పాఠశాల విహారయాత్రల్లో ఆ అవకాశం జారిపోతుంది. వెళ్లే ముందే మూడు నాలుగు వస్తువులను ఎంచుకొని, ఒక్కొక్కదాని ముందు పిల్లలను పావుగంట కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఉపాధ్యాయులకు అదనపు నిధులు గానీ ప్రత్యేక అనుమతులు గానీ అవసరం లేదు.