ముష్టి అనే మాటకు రెండర్థాలు

ముష్టియుద్ధం మీద నాకెన్నడూ మోజు లేదు. మనిషిని మనిషి కొడుతుంటే డబ్బిచ్చి చూడటమేమిటని విసుక్కునే చాదస్తులలో నేనూ ఒకణ్ణి. అయినా మొన్నొక రాత్రి నిద్రపట్టక, 1938 నాటి ఒక నలుపు తెలుపు చిత్రం చూశాను. పోటీ మొత్తం 124 సెకన్లు. చూడటానికి పట్టింది రెండు నిమిషాలే. దాని గురించి చదవడానికి మాత్రం వారం రోజులు పట్టింది.

గెలిచినవాడు జో లూయిస్. 1914 మే 13న అలబామాలోని లఫాయెట్ ఊరి దగ్గర, పొలం పనులతో బతికే నల్లవారి ఇంట ఎనిమిది మంది పిల్లల్లో ఏడవవాడుగా పుట్టాడు. 1926లో ఆ కుటుంబం డెట్రాయిట్‌కు వలస వెళ్ళింది. తల్లి కొడుక్కి వయొలిన్ నేర్పించాలనుకుంది. కొడుకు ఆ పాఠాల డబ్బు పట్టుకెళ్ళి బాక్సింగ్ నేర్చుకున్నాడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ఆ ఇల్లు ప్రభుత్వ సహాయం మీద గడిచింది. పోటీల్లో డబ్బు సంపాదించాక లూయిస్ ఆ సహాయపు సొమ్మును తిరిగి చెల్లించాడు. ఎవరూ అడగని అప్పు అది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

1934 జూలై 4న వృత్తిలో అడుగుపెట్టిన లూయిస్‌కు గురువు జాక్ బ్లాక్‌బర్న్ గుద్దడం నేర్పితే, వ్యవహారాలు చూసిన జాన్ రాక్స్‌బరో ఎలా మెలగాలో నేర్పాడు. తెల్ల స్త్రీలతో ఫొటో దిగకూడదు. పడగొట్టిన ప్రత్యర్థిని చూసి సంబరపడకూడదు. ఈ నియమాల వెనుక జాక్ జాన్సన్ నీడ ఉంది. 1908లో తొలి నల్లజాతి హెవీవెయిట్ విజేత అయిన జాన్సన్ నవ్వుతూ గెలిచాడు, తన ఇష్టం వచ్చినట్టు బతికాడు. దేశం దాన్ని భరించలేకపోయింది. 1913లో ఒక చట్టం అడ్డుపెట్టుకుని అతనికి శిక్ష వేసింది. ఆ శిక్షను క్షమించడానికి 2018 దాకా పట్టింది. అందుకే లూయిస్ గెలిచినా నవ్వని మనిషిగా తయారయ్యాడు. పత్రికల ఫొటోల్లోని అతని నిర్వికార ముఖం స్వభావమెంతో, శిక్షణ ఎంతో నేను తేల్చుకోలేకపోయాను.

1936 జూన్ 19న జర్మనీకి చెందిన మాక్స్ ష్మెలింగ్ అతణ్ణి పన్నెండో రౌండులో పడగొట్టాడు. ఎడమచేత్తో గుద్దిన ప్రతిసారీ లూయిస్ ఆ చేతిని కొద్దిగా కిందికి జార్చేవాడు. ష్మెలింగ్ ఆ లోపాన్ని ముందే కనిపెట్టి, తెరుచుకున్న దవడ మీద కుడిచేత్తో పదేపదే కొట్టాడు. హిట్లర్ ప్రభుత్వం దాన్ని జాతి విజయంగా చాటుకుంది. మరుసటి ఏడాది జేమ్స్ బ్రాడక్‌ను ఓడించి లూయిస్ ప్రపంచ విజేత అయ్యాడు గాని, ఆ ఓటమి ముల్లు పోలేదు.

1938 జూన్ 22న న్యూయార్క్ యాంకీ స్టేడియంలో డెబ్భై వేల మంది ఎదుట ఇద్దరూ మళ్ళీ తలపడ్డారు. నేను చూసిన చిత్రం ఇదే. ష్మెలింగ్ మూడుసార్లు పడ్డాడు. ఒక దెబ్బకు అతని వెన్నుపూస చిట్లింది. దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారితో కలిసి కూర్చునే హక్కు కూడా లేని జాతి మనిషి, ఆ రాత్రి అమెరికా పరువు నిలబెట్టాడు.

1942 జనవరిలో బడ్డీ బేర్‌తో ఆడి తన వాటాను నౌకాదళ సహాయ నిధికిచ్చాడు. మార్చిలో ఏబ్ సైమన్‌తో ఆడి సైన్యపు సహాయ నిధికిచ్చాడు. తానూ సైన్యంలో చేరాడు. అప్పటికి మామూలు సిపాయి జీతం నెలకు 21 డాలర్లు. నల్లవారినీ తెల్లవారినీ విడదీసి ఉంచిన సైన్యమది. ఆ సైన్యంలో తిరిగి ప్రదర్శనలిస్తూనే, నల్ల సైనికులకు అధికారుల శిక్షణలో చోటు దొరకడానికి తన పలుకుబడి వాడాడు. అలా చోటు దొరికినవారిలో జాకీ రాబిన్‌సన్ ఒకడు. 1947లో ప్రధాన బేస్‌బాల్ లీగుల్లోని జాతి గోడ పడగొట్టినవాడు అతనే.

యుద్ధం ముగిసింది, లెక్కలు మొదలయ్యాయి. 1946లో బిల్లీ కాన్ మీద గెలిచి ఆరు లక్షల డాలర్లకు పైగా సంపాదించినా అప్పులూ పన్నులూ తీరలేదు. 25 సార్లు బిరుదు నిలబెట్టుకుని 1949లో విరమించినవాడు, పన్ను బాకీ కోసం మరుసటి ఏడే మళ్ళీ బరిలోకి దిగాడు. 1951 అక్టోబరు 26న, 37 ఏళ్ళ వయసులో, రాకీ మార్సియానో అతణ్ణి ఎనిమిదో రౌండులో తాళ్ళ మధ్య నుంచి బయటికి పడేశాడు. ఆ తరువాత కుస్తీ పోటీల్లో వేషం కట్టాడు. వడ్డీలతో, జరిమానాలతో బాకీ పది లక్షల డాలర్లు దాటింది. చివరికి లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ జూదశాలలో వచ్చినవారికి చేయి కలిపి స్వాగతం చెప్పడం అతని ఉద్యోగమైంది.

అతని తప్పులేదని నేననను. విచ్చలవిడిగా ఖర్చుపెట్టాడు, గోల్ఫ్ పందేల్లో పోగొట్టాడు, అడిగినవాడికల్లా ఇచ్చాడు, కలిసిరాని వ్యాపారాలు చేశాడు. చట్టం చట్టమే. కాని ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అనే మన సామెత ఇంతకంటే పెద్దగా ఎక్కడా నాకు కనబడలేదు.

మరో వైపు ష్మెలింగ్ కథ. ఇతడు నాజీ పార్టీలో చేరలేదు. 1938 నవంబరులో యూదుల ఇళ్ళ మీద దాడులు జరిగిన రోజుల్లో ఇద్దరు యూదు కుర్రవాళ్ళను తన హోటల్ గదిలో దాచాడు. యుద్ధం తరువాత కోకాకోలా వ్యాపారంలో బాగుపడి, 1954లో లూయిస్‌ను వెతుక్కుంటూ వచ్చి స్నేహితుడయ్యాడు. లూయిస్ 1981 ఏప్రిల్ 12న పోయాడు. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో చోటు దక్కడానికి అధ్యక్షుడు రీగన్ నిబంధన సడలించవలసి వచ్చింది. అంత్యక్రియల ఖర్చులో కొంత ష్మెలింగ్ భరించాడంటారు.

సంస్కృతంలో ముష్టి అంటే పిడికిలి. మన ఇళ్ళలో ముష్టి అంటే బిచ్చం. ఆ రెండర్థాల మధ్యే లూయిస్ బతుకు గడిచింది. కుర్రతనంలో ప్రభుత్వం పెట్టిన పిడికెడు గింజల విలువను పైసాతో సహా తిరిగిచ్చినవాడికి, ఆ ప్రభుత్వం తన వైపు నుంచి లెక్క చూసుకున్నప్పుడు జమ పద్దులో ఏమీ కనబడలేదా? ఆ 124 సెకన్లు ఏ పద్దు కింద రాసుకున్నారో మరి.