ఓడిన 479 మంది

1996 వేసవి. నల్లగొండలో లోక్‌సభ ఎన్నికల నామినేషన్ల వరస. అక్కడ నిలబడ్డవాళ్లను చూసి నాయకులని ఎవరూ అనుకోరు. గార పట్టిన పళ్లు, ముడుచుకోని మోకాళ్లు, వంగిపోయి మళ్లీ లేవని నడుములు. బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి బొక్కల్లోకి దిగిన మనుషులు. వాళ్లకు తోడుగా రైతులు. ఆ వరసలో మాటలు ఇలా నడిచి ఉంటాయి:

“నువ్వు గూడ ఎంపీవి అయితవా పెద్దయ్యా?”

“ఎంపీ నాకెందుకు బిడ్డా. మంచినీళ్లు గావాలె.”

లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ జిల్లాలోని మర్రిగూడ వైపు ఊళ్లు ఆ హద్దు దాటిన నీళ్లే తాగి బతికాయి. దుశ్చర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి శ్రీశైలం ఎడమగట్టు కాలువ నీళ్ల కోసం చివరికి బ్యాలెట్‌నే అర్జీగా మార్చింది. బరిలో 480 మంది. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది. పోలింగే వాయిదా పడింది. సీపీఐ అభ్యర్థి బొమ్మగాని ధర్మభిక్షం గెలిచారు. మిగతా 479 మంది ఓడిపోయారు.

అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచి అసెంబ్లీ స్థానంలో 1033 మంది, బెల్గాం లోక్‌సభ స్థానంలో 456 మంది పోటీ చేశారు. ఆ ఏడాదే చట్టం మారింది. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. స్వతంత్రుడికి పదిమంది ప్రతిపాదకులు కావాలన్నారు. మంచినీళ్లు అడిగినవాళ్లకు ముందుగా అందింది ఇదే. నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఓడిన ఆ మనుషులు ఎక్కడైనా గుర్తుండాలి కదా. వికీపీడియాలో వాళ్లకు చోటుందా? గెలిచి సభలో కూర్చుంటే పేజీకి అర్హత వచ్చినట్టే. ఓడినవారికి పోటీ చేశామన్న ఒక్క కారణం చాలదు. వారి గురించి ఇతరులు విస్తారంగా రాసి ఉండాలి. 2020లో అమెరికాలో అయోవా సెనేట్ స్థానానికి డెమోక్రాట్ల అభ్యర్థి థెరిసా గ్రీన్‌ఫీల్డ్ పేజీని పోలింగ్ దగ్గరపడే దాకా ఒప్పుకోలేదు. ఆ నియమంలో న్యాయం లేదనను. లేకపోతే ప్రతి కరపత్రమూ విజ్ఞానసర్వస్వంలోకి ఎక్కుతుంది.

కానీ ఆ నియమం మనిషిని విడిగా తూస్తుంది. నల్లగొండలో నీళ్ల కోసం నిలబడ్డవాళ్లు ఓడింది ఒక్కొక్కరుగా కాదు, ఒక్కటిగా. 479 పేజీలు అక్కర్లేదు. ఆ ఓటమికి ఒక నిండైన పేజీ, అందులో ప్రతి పేరూ ఉండాలి.

పేజీ నిలవాలంటే ఆధారాలు కావాలి. నల్లగొండ పాఠకులారా, మీ అటకమీద ఆనాటి కరపత్రం, పత్రికల కత్తిరింపు ఏదైనా మిగిలి ఉంటే పారేయకండి. తేదీ, పత్రిక పేరు కనబడేలా ఫొటో తీసి దాచండి. అందులోని వివరాలను తెలుగు వికీపీడియాలో మీరే రాయండి.