పొయ్యికి అర్ర ఎప్పుడొచ్చింది? (వాడ చరిత్ర – 9)



పోయిన భాగంలో వాడ బావి గురించి రాసిన. చదివిన విద్యార్థులు కొందరు "బావి తర్వాత ఏంది మేడం?" అని అడిగిండ్రు. బావి తర్వాత పొయ్యే. నీళ్లు మోసుకొచ్చిన ఆడమనిషి ఆ బిందెను ఎక్కడ దించుతది, ఎక్కడ కూసోని వండుతది, ఆ జాగను ఎవరు గీసిండ్రు, ఎవరి కొలతల మీద కట్టిండ్రు అన్నది ఈ వారం విషయం. గడీల నక్షాలు ఆఫీసుల్లో, పుస్తకాల్లో దొరుకుతయి. వాడలోని వంటర్ర నక్షా దొరకదు, ఎందుకంటే చాలాకాలం అక్కడ అర్రే లేదు. పొయ్యి మాత్రమే ఉన్నది.

ఈ విషయం ఇప్పుడే ఎందుకు ఎత్తుకున్ననంటే, ఘట్‌కేసర్‌లో మేముండే ఇంటి వంటర్రను ఈ ఎండాకాలం విప్పి మళ్లా కట్టిస్తున్నం. నక్షా గీయడానికొచ్చిన పిలగాడు ఆగ్నేయం ఎటని అడిగిండు. చిమ్నీ ఏ కంపెనీదని, తలుపుల రంగు ఏదని అడిగిండు. వండేది మా అమ్మ. ఆమె ఎత్తు ఎంతని అడగలేదు. "నిలబడి వండుడు నాతోని కాదు బిడ్డా, కింద కూసునే జాగ ఉంచుమను" అని అమ్మ అంటే, "కింద కూసోని చేసుడు పాతకాలం మేడం" అన్నడు. ఆ పాతకాలం ఎవరిది, అండ్ల ఎవరు ఎక్కడ కూసున్నరు అన్న లెక్క తీద్దామనే ఈ రాత.

*అర్ర లేని పొయ్యి*

మనుస్మృతి పదో అధ్యాయం చండాలుర ఇండ్లు ఊరి బయట ఉండాలంటది. వాళ్లు పగిలిన పాత్రల్లో తినాలంటది. ఇల్లు ఎక్కడుండాలో చెప్పిన వెంటనే పాత్ర ఎట్లుండాలో చెప్పింది చూడండి. అంటే కులం వంటపాత్ర దాకా కొలిచి రాసుకున్న నక్షా. ఊరి లోపలి ఇండ్లలో వంటిల్లు అన్నిటికన్నా లోపలి అర్ర. అది మడి కట్టుకునే చోటు. అక్కడికి ఎవరు రావచ్చు, ఎవరు గడప బయటే ఆగాలె, ఏ గిన్నె ఎవరు ముట్టాలె అన్న నియమాలన్నీ ఆ గోడలే కాపాడినయి. అందుకే వేరే వంటిల్లు అనేది వండుకునే సౌలతు కోసం మాత్రమే పుట్టలేదు. ముట్టును ఆపడానికి కూడా కట్టిన గోడ అది.

వాడలో ఒక్కటే గుడిసె, ఒక్కటే అర్ర. మా అమ్మ చిన్నప్పుడు ఎండాకాలం మూడు రాళ్లు వాకిట్ల ఉండేవి, వానాకాలం అవే రాళ్లు లోపల మూలకు వచ్చేవి. పండుకునేది అక్కడే, గింజల కుండ అక్కడే, బాలింత అక్కడే. కందికట్టె, పత్తికట్టె, పిడకలు, ఏది దొరికితే అది పొయ్యిలోకి. ఆ పొగ కండ్లను తినేది. కానీ ఆ పొగే కప్పుగడ్డికి పురుగు పట్టకుండ చూసేది, పొయ్యి మీదుగా దండేనికి ఆరేసిన తునకలను కాపాడేది. పెద్దకూర దొరికిన రోజు తిన్నంత తిని, మిగిలింది కోసి ఎండబెడితే నెలల తరబడి పనికొచ్చేది. ఫ్రిజ్ లేని వంటింటి నిల్వ విద్య అది. మన పాకశాస్త్రం పుస్తకాల్లో తునకల పేజీ ఎంతమందికి కనబడ్డది? మరాఠ్వాడాలో షాహూ పాటోళే ఆ పని చేసిండు. మాంగ్, మహార్ కులాల వంటల మీద 2015లో మరాఠీలో పుస్తకం రాసిండు. అన్నం పూర్ణబ్రహ్మం అనే మాటను తిరగేసి, ఈ అన్నం అపూర్ణబ్రహ్మం అని దానికి పేరు పెట్టిండు. 2024లో అది ఇంగ్లీషులోకి వచ్చింది. తెలుగులో మాల మాదిగ వంటింటికి అసుంటి పుస్తకం మీలో ఒకరు రాయాలె.

*త్రికోణం ఎంత పెద్దది?*

ఇప్పుడు ఇంటీరియర్ వాళ్లు చెప్పే వంటింటి శాస్త్రానికి కూడా ఒక చరిత్ర ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికుల కోసం ఇండ్లు కట్టింది. 1926లో మార్గరెటె షూట్టె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఆ ఇండ్లకు వంటిల్లు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనపు డబ్బాలో అంత ఇరుకులో అంతమందికి ఎట్ల వండుతున్నరో చూసింది. ఆడమనిషి ఎన్ని అడుగులు వేస్తున్నదో, ఏ పనికి ఎంతసేపు పడుతున్నదో లెక్కగట్టింది. అసుంటి వంటిండ్లు దాదాపు పదివేలు కట్టిండ్రు. నేటి మాడ్యులర్ కిచెన్‌కు తల్లి అదే. 1940లలో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు పొయ్యి, సింకు, ఫ్రిజ్ మధ్య గీత గీసి, దాన్ని పని త్రికోణం అన్నరు. ఆ మూడు భుజాలు ఎంత తక్కువైతే వండే మనిషికి అంత సుఖం.

ఇదే కొలతను మన వాడకు పెట్టి చూడండి. ఒక మూల బావి లేదా చెరువు. అక్కడ మనవాళ్లు చేదుకోవద్దు, ఎవరన్న పోస్తే పట్టుకోవాలె. రెండో మూల కట్టెలు ఏరుకునే చెలక లేదా గుట్ట. అది పటేలు పట్టాలో ఉంటది. మూడో మూల ఇంటి పొయ్యి. నడుమ దొర కొట్టంలో పెండ తీసే పని. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అడుగులతో కొలిచిన త్రికోణం మన దగ్గర మైళ్లతో కొలవాల్సి వస్తది. గట్టు మీద గ్రానైట్ వేసినంత మాత్రాన ఆ మైళ్లు తగ్గవు. నీళ్లు ఇంట్లోకి రావాలె, కట్టె అక్కర తీరాలె, అప్పుడు కదా నక్షా!

ఆ త్రికోణంలోని నీళ్ల మూల కాడ రక్తం పారింది. 1985 జులైలో ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు బర్రెలను కడిగి ఆ మురికిని నీళ్లలోకి వదిలిండ్రు. అడ్డుచెప్పినందుకు కొట్టబోతే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్త తన బిందె ఎత్తి ఎదురు నిలబడ్డది. మరునాడు, జులై 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపిండ్రు. మన ఉద్యమ చరిత్రలో కారంచేడును ఆత్మగౌరవ పోరాటంగా చదువుతం. సరే. ఆ బిందె వంటింటికి పోవాల్సిన బిందె అన్నది కూడా చదవాలె. తాగే నీళ్లు, వండే నీళ్లు శుభ్రంగా ఉండాలన్న ఒక ఆడమనిషి పట్టుదల అండ్ల ఉన్నది.

*హైదరాబాదు పొయ్యి*

మీలో చాలామందికి తెలియని ముచ్చట ఒకటి. పొగలేని పొయ్యి చరిత్రలో మన హైదరాబాదుకు పెద్ద పేరున్నది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీకి చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు ఒక మట్టిపొయ్యి తయారుచేసిండు. ల్యాబ్ పేరుతోనే దాన్ని హెర్ల్ చూలా అన్నరు. కట్టె పెట్టే నోరు ఒక్కటే. మంట, వేడి పొగ మట్టిలో చేసిన కాలువ వెంబడి వరుసగా కుండల కిందికి పోతయి. చివరికి పొగ గొట్టం గుండా ఇంటి పైకి పోతది. అదే కట్టెతో ఒకటికన్నా ఎక్కువ గిన్నెలు ఉడుకుతయి, వండేమనిషి ముఖానికి పొగ రాదు. 1953లో ఆయన దీని మీద పుస్తకం కూడా వేసిండు. కోట్లమందికి పొగలేని వంటిండ్లు అన్నది దాని పేరు భావం. అంతకుముందే వార్ధాలోని మగన్‌వాడిలో కూడా గాంధేయులు ఇసుంటి ప్రయత్నమే చేసిండ్రు.

రాజుగారి ఆలోచన గొప్పదే. కానీ మన గుడిసె నుంచి చూస్తే మూడు ప్రశ్నలొస్తయి. కదలని పొయ్యి కట్టాలంటే దానికి శాశ్వతమైన జాగ ఉండాలె. ఎండకు వాకిట్లకు, వానకు లోపలికి మారే మూడు రాళ్ల ఇంట్ల అది ఎక్కడ కడతం? గొట్టం పైకి పోవాలంటే కప్పు గట్టిది కావాలె. తాటాకు, గడ్డి కప్పులోంచి వేడి గొట్టం పోతే ఇల్లే అంటుకుంటది. ఇగ మూడోది, గొట్టంలో మసి పేరుకుంటది. దాన్ని ఎప్పటికప్పుడు దులపకపోతే పొగ తిరిగి ఇంట్లకే వస్తది. 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగుపరిచిన పొయ్యిల జాతీయ కార్యక్రమం పెట్టింది. 2002 దాకా నడిచింది. దేశమంత కోట్ల పొయ్యిలు కట్టించినమని లెక్కలు చెప్పిండ్రు. కట్టిన తర్వాత బాగుచేసే మనిషి లేక, పగిలిన పొయ్యిలు చాలా ఇండ్లలో మూలకు పడ్డయి. పొయ్యిని ఇచ్చిండ్రు, పొయ్యి నిలిచే ఇల్లు ఇవ్వలేదు.

గ్యాసు చరిత్ర కూడా ఇట్లనే చదవాలె. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో దీపం పథకం పొదుపు సంఘాల మహిళలకు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో ఉజ్వల వచ్చింది. 2024లో తెలంగాణలో అయిదు వందల సిలిండర్ వచ్చింది. కనెక్షన్ ఒక్కసారి ఇస్తరు, బండ మాత్రం నెలనెలా కొనాలె. కూలి దొరకని నెల మళ్లీ కట్టెల పొయ్యే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయిండ్రని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఆ పొగను ఎక్కువ పీల్చేది పొయ్యి ముందు కూసునే ఆడవాళ్లు, వాళ్ల ఒడిలోని పిల్లలు.

*ఉప్పల్, నాచారం అపార్ట్‌మెంట్లలో పెరడు*

పల్లె ఇడిసి నాచారం కంపెనీలకు, ఉప్పల్ అడ్డామీదికి పనికొచ్చినోళ్ల వంటిల్లు రేకుల రూములో గోడపక్క గ్యాసునూనె స్టవ్వు. ఇప్పుడు అదే చోట్ల అపార్ట్‌మెంట్లు లేచినయి. వంటింటి వెనక "యుటిలిటీ" అని చిన్న జాగ ఉంటది, చూసిండ్రా? గిన్నెలు తోమే మనిషి అక్కడే తోమాలె, వీలైతే వెనక తలుపు నుంచే రావాలె. ఆమె చాయ్ గిలాస కిటికీలో వేరే ఉంటది. పాత ఇండ్ల పెరడే టైల్స్ వేసుకుని మూడో అంతస్తుకు ఎక్కింది. మా కొత్త నక్షాలో కూడా ఆ యుటిలిటీ గీసుకొచ్చిండ్రు. వద్దన్నం. సింకు కిటికీ కింద, వండే గట్టు పక్కనే ఉంటది. తిన్నోళ్లే తోముకుంటరు.

కిరాయి ఇండ్ల సంగతి మీకు నేను చెప్పాల్నా? "ఓన్లీ వెజిటేరియన్స్" అన్న మాట కులాన్ని అడగకుండ అడిగే పద్ధతి. ఉద్యోగంలో చేరిన కొత్తల ఒక ఇంటి ఓనరమ్మ అడ్వాన్సు తీసుకునే ముందు నా వంటసామాను చూస్తనన్నది. గిన్నెలు చూసి ఆమె ఏం తెలుసుకుంటదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ ఇంట్ల నేను దిగలేదు. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా క్యాంపస్‌లో విద్యార్థులు బీఫ్ పండుగ చేసింది ఈ తనిఖీకి జవాబుగనే. మూడేండ్లకు, 2015 సెప్టెంబర్‌లో, ఉత్తరప్రదేశ్ దాద్రీ దగ్గర మహమ్మద్ అఖ్లాక్‌ను ఇంట్ల నుంచి గుంజి చంపిండ్రు. తర్వాత ఆ మాంసం ఏ జంతువుదని ల్యాబ్‌కు పంపిండ్రు. చంపినోళ్ల మీది కేసుకన్న వంటింటి మీద విచారణే పెద్ద చర్చయింది.

*ఎవరి ఎత్తుకు కడుతున్నరు?*

డబుల్ బెడ్‌రూం పథకం 2015లో వచ్చింది. 560 చదరపు అడుగుల్లో రెండు పడకర్రలు, హాలు, వంటర్ర, రెండు టాయిలెట్లు. మా చుట్టుపక్కల రాంపల్లిలో, ప్రతాపసింగారంలో ఆ బ్లాకులు లేచినయి. నక్షాలోనే వంటర్ర ఉండుడు చిన్న విషయం కాదు. మా అమ్మ తరం చూడనిది అది. కానీ ఆ గట్టు ఎంత ఎత్తుండాలో వండే ఆడవాళ్లను కూసోబెట్టి ఎవరన్న అడిగిండ్రా? ఇందిరమ్మ ఇండ్లలో లబ్ధిదారులే కట్టుకుంటున్నరు కాబట్టి అక్కడ అడిగే అవకాశం మన చేతుల్లనే ఉన్నది. అందుకే మేం నేర్చుకున్న లెక్కలు ఇక్కడ పెడుతున్న.

వండే మనిషి నిలబడి మోచేయి వంచితే, గట్టు దానికన్నా నాలుగైదు అంగుళాలు కిందికి ఉండాలె. అమ్మ ఎత్తు నాలుగు అడుగుల పది అంగుళాలు, మోచేయి 36 అంగుళాల కాడ ఉన్నది. అంటే గట్టు 31 చాలు. నక్షాలో 34 రాసుకొచ్చిండు. ఆ మూడు అంగుళాల కోసం ఆమె రోజంత భుజాలు లేపుకోని వండాలె.

కింద కూసునే జాగ గురించి కూడా తేల్చుకున్నం. గ్యాసు స్టవ్వును నేలమీద పెట్టొద్దు. ఎల్‌పీజీ గాలికన్న బరువు, లీకైతే నేలమీదనే పరుచుకుంటది. స్టవ్వు సిలిండర్‌కన్న ఎత్తులో ఉండాలె. సిలిండర్ పెట్టే చోట గోడకు నేలబారున గాలిరంధ్రం ఉండాలె. రబ్బరు పైపు అయిదేండ్లకు మించి వాడొద్దు. అందుకని పొయ్యి పైన, కూసునే పని కింద అని పంచుకున్నం. కిటికీ పక్క అడుగు ఎత్తు తాండూరు బండ వేయిస్తున్నం. కూరగాయలు కోసుడు, బియ్యం ఏరుడు, రోట్ల కారం నూరుడు అక్కడ. వెనక జాగలో కట్టెల పొయ్యి ఒకటి ఉంటది, జొన్నరొట్టెకు, పెద్దకూరకు. ఆగ్నేయం సంగతి అడిగినోళ్లకు ఒకటే చెప్పిన. పొయ్యి ఎటున్నా, దానికి ఎదురుగ కిటికీ ఉన్నదా, పొగ బయటికి పోతున్నదా అన్నది చూడాలె.

*మీకొక పని*

చివరిగ వంటిల్లు ఇంటి గోడల దగ్గర ఆగదు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్‌లో చెప్పింది. 2021 డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ చంపావత్ జిల్లాలో దళిత మహిళ వండిందని పై కులాల పిల్లలు బడిలో తినలేదు. పిల్లలకు ఆ పాఠం చెప్పింది బడి కాదు, వాళ్ల ఇంటి వంటర్ర.

అందుకే విద్యార్థులకు ఒక పని ఇస్తున్న. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అమ్మను, అవ్వను ఇవి అడిగి రాసుకోండి. మొదటి పొయ్యి ఎక్కడుండేది? నీళ్లు, కట్టెలు ఎంత దూరం నుంచి వచ్చేవి? వంటకు వేరే అర్ర ఏ ఏడు వచ్చింది, పైసలు ఎట్ల కూడినయి? ఎవరి వంటింట్లకు రానియ్యలేదు? తునకలు ఎట్ల ఎండబెట్టేది? టేపు పెట్టి గట్టు ఎత్తు కొలవండి, అమ్మ మోచేయి ఎత్తు కొలవండి, రెండూ పక్కపక్కన రాయండి. జనాభా లెక్కల్లో ఇంట్ల వంటర్ర ఉన్నదా, ఏ ఇంధనం వాడుతరు అన్న ప్రశ్నలున్నయి. 2011 లెక్కల్లో ఎస్సీ కుటుంబాల పట్టికలు వేరే దొరుకుతయి. మీ జిల్లాది తీసి, మీ వాడ లెక్కతోని పోల్చండి. మీరు పంపినయి కలిపి ఒక భాగం వేద్దాం, ఊరు పేరుంటది, ఇంటి పేరు ఉండదు.

వచ్చే వారం రోలు, విసుర్రాయి, వాటిని కొట్టిన వడ్డెర చేతుల గురించి.