వేడినీటి వెనుక వినయం: జంతాఘర నియమాలపై ఒక పరిశీలన

సంయుత్తనికాయంలోని బ్రాహ్మణ సంయుత్తంలో దేవహిత సుత్తమనే చిన్న సుత్తం ఒకటి ఉన్నది. భగవానుడు శ్రావస్తిలో వాతబాధతో ఉన్న సమయమది. నాటి ఉపస్థాయకుడైన ఉపవాణ స్థవిరుని పిలిచి, వేడినీరు తెమ్మని కోరాడు. ఉపవాణుడు దేవహితుడనే బ్రాహ్మణుని ఇంటికి వెళ్లి, ఒక ప్రక్క మౌనంగా నిలబడ్డాడు. సంగతి తెలుసుకున్న దేవహితుడు ఒక కావడి వేడినీటిని మనిషిచేత మోయించి, దానితోపాటు ఫాణితపు పొట్లాన్ని కూడా ఇచ్చి పంపాడు. ఉపవాణుడు ఆ నీటితో భగవానునికి స్నానం చేయించి, ఫాణితాన్ని వేడినీటిలో కలిపి త్రాగించాడు. బాధ శమించింది.

ఈ సుత్తంలో దానఫలాన్ని గురించిన గాథలనే మనం ఎక్కువగా చదువుతాం. భౌతిక సంస్కృతిని పరిశీలించేవారికి మరి రెండు విషయాలు కనిపిస్తాయి. వేడినీరు గృహస్థుని ఇంట ఉన్నది. భిక్షువు దానికోసం గడప వద్దకు వెళ్లవలసి వచ్చింది. కావడి మోసిన మనిషికి సుత్తంలో పేరు లేదు. వేడినీరు అన్నమాటకు వెనుక కట్టె, నిప్పు, పాత్ర, నీరు పోయే దారి, వీటన్నిటినీ చూచుకునే ఒక మనిషి ఉంటారు. ఆ మనిషిని విస్మరించకుండా నియమాలు చేసిన ప్రాచీన గ్రంథం వినయపిటకం. ఈ వ్యాసం చెప్పదలచినది ఇదే.

భిక్షువుకు నిప్పు సులభమైన వస్తువు కాదు. భగ్గదేశంలో సుంసుమారగిరి సమీపాన భేసకళావనంలో భిక్షువులు చలికి తొర్రపడిన పెద్ద దుంగను ముట్టించి కాచుకుంటుండగా, వేడికి తాళలేక తొర్రలోని నల్లత్రాచు బయటికి వచ్చి వారిని తరిమిందట. ఆ సందర్భంలో ఏర్పడినదే 56వ పాచిత్తియం: రోగి కాని భిక్షువు చలికాచుకొనడానికి నిప్పు రాజేయరాదు. దీపానికి, జంతాఘరానికి, తగిన కారణం ఉన్న ఇతర సందర్భాలకు మినహాయింపు ఉన్నది. ఆళవి భిక్షువులు చెట్లు నరికిన సందర్భంలో వచ్చిన 11వ పాచిత్తియం పచ్చని చెట్టును కొట్టడాన్ని నిషేధించింది. అంటే వంటచెరకు ఎండినదై ఉండాలి, లేదా ఇతరులు తెచ్చి ఇవ్వాలి. 57వ పాచిత్తియం స్నానాన్నే నియంత్రించింది. రాజగృహంలోని తపోదా వేడినీటి బుగ్గల వద్ద భిక్షువులు చీకటిపడే వరకు స్నానం చేస్తుండగా, బింబిసార మహారాజు తన వంతు కోసం వేచి ఉండి, కోట తలుపులు మూసివేయగా ఆ రాత్రి నగరం వెలుపలే గడపవలసి వచ్చింది. అప్పుడు అర్ధమాసానికి ఒక స్నానమన్న నియమం ఏర్పడింది. ఎండాకాలం, రోగం, పని, ప్రయాణం, గాలివాన వంటి సందర్భాలను క్రమంగా మినహాయించారు. కట్టె అవసరం లేని వేడినీటి వద్ద కూడా వంతు సమస్య తప్పలేదన్నది గమనార్హం.

జంతాఘరం పుట్టుక చుల్లవగ్గంలోని ఖుద్దకవత్థు ఖంధకంలో ఉన్నది. వైశాలిలో శ్రేష్ఠమైన భోజనాలు వరుసగా లభించి భిక్షువుల శరీరాలు దోషపూరితం కాగా, వైద్యుడైన జీవక కోమారభచ్చుడు చంక్రమాన్ని, జంతాఘరాన్ని అనుమతించమని ప్రార్థించాడు. ఆ తరువాతి అనుమతుల వరుస ఒక కట్టడం అనుభవంతో ఎలా రూపుదిద్దుకుంటుందో చూపుతుంది. వర్షపు నీరు ముంచకుండా ఎత్తైన అరుగు, దాని చుట్టూ ఇటుక, రాయి లేక కొయ్య కట్టు, మెట్లు, చేతిపట్టు కలిగాయి. పొగ పోవడానికి ధూమనేత్తం అమర్చారు. చిన్న జంతాఘరంలో అగ్నిస్థానం ఒక ప్రక్కన, పెద్దదానిలో మధ్యన ఉండాలన్నారు. ముఖం కాలకుండా పూసుకునే మట్టికి తొట్టి, ఒళ్లు కాలినప్పుడు చల్లుకునే నీటికి ప్రత్యేక స్థానం, ముంచుకునే మూకుడు వచ్చాయి. గడ్డి కప్పులో చెమట పట్టదని లోపల, వెలుపల మెత్తు వేశారు. నేల బురద కాకుండా పరుపు, నీరు పోవడానికి కాలువ చివరకు చేరాయి.

ఇది ప్రధానంగా స్వేదశాల. నిండా వేడినీటిలో మునిగే పద్ధతి మరొకటి మహావగ్గంలోని భేసజ్జ ఖంధకంలో కనిపిస్తుంది. పిలిందవచ్ఛ స్థవిరుని వాతరోగానికి అనుమతించిన చికిత్సలలో చివరిది ఉదకకోట్ఠకం. వేడినీరు నింపిన తొట్టిలోనికి దిగి చెమట పట్టించుకొనడమని అట్ఠకథ వివరణ. రోగికి తొట్టి, సంఘానికి స్వేదశాల అన్న ఈ విభజనకు వంటచెరకు లెక్క ఒక కారణం కావచ్చునని నా అభిప్రాయం. 20 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుండి 45 డిగ్రీలకు కాచడానికి సుమారు 2,100 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. కిలో ఎండుకట్టె సుమారు 15,000 కిలోజౌళ్లు ఇస్తుంది కనుక, లెక్కకు 140 గ్రాములు చాలును. అయితే మూడురాళ్ల పొయ్యి మీద ఆ వేడిలో పదోవంతు మొదలు ఏడోవంతు వరకే నీటికి అందుతుంది. ఒక్కొక్కరికి కిలో, కిలోన్నర మధ్య కట్టె అవసరమవుతుంది. యాభైమంది ఉన్న విహారానికి ఒక్క పూటకు అర క్వింటాలుకు తక్కువ కాదు. స్వేదశాలలో ఒకే నిప్పు గదిలోని వారందరికీ ఉపయోగపడుతుంది. నీరూ కొద్దిగానే ఖర్చవుతుంది.

ఈ లెక్క ఆంధ్రదేశపు కొండ విహారాలకు మరింత వర్తిస్తుంది. విశాఖపట్నం, భీమునిపట్నం మధ్య ఉన్న తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వలననే వచ్చింది. 1988 నుండి 1993 వరకు అక్కడ జరిగిన తవ్వకాలలో స్తూప, చైత్య, విహారాలతోపాటు పాకశాల, భోజనశాల కూడా బయటపడ్డాయి. కొండమీద నీరంటే ప్రధానంగా తొట్టిలో పట్టిన వాన నీరే, కట్టె మోసుకురావలసినదే. ఇటువంటి స్థలాలలో పొయ్యి, బూడిద కనిపించిన చోటునంతా వంటశాలగా నమోదు చేయకముందు వినయంలోని వరుసను దగ్గర పెట్టుకొనడం మేలు. ఎత్తైన అరుగు, నీరు పారే కాలువ, పరుపు నేల, మట్టి తొట్టి, వంటపాత్రల పెంకులు, ఎముకలు, గింజలు లేకపోవడం: ఈ లక్షణాలు కలసి ఉన్నప్పుడే జంతాఘరమన్న ఊహకు బలం. శ్రీలంకలో కురునాగల జిల్లా అరంకెలె వనవిహారంలో జంతాఘరంగా గుర్తింపు పొందిన కట్టడం పోలికకు అక్కరకు వస్తుంది.

కట్టడం కంటే ముఖ్యమైనది అందులోని నడవడి. చుల్లవగ్గంలోని వత్త ఖంధకం ఒక దుర్ఘటనను చెబుతుంది. స్థవిరులు తమను వారించారన్న కోపంతో ఛబ్బగ్గియ భిక్షువులు జంతాఘరంలో విస్తారంగా కట్టె పేర్చి, నిప్పుపెట్టి, తలుపు మూసి, ద్వారం వద్దనే కూర్చున్నారు. లోపలివారు వేడికి తాళలేక, ద్వారం దొరకక, మూర్ఛిల్లి పడిపోయారు. ఆ తరువాత విధించిన వత్తం ఇది: మొదట వచ్చినవాడు బూడిద ఎత్తిపోసి, ఊడ్చి, చుణ్ణం కలిపి, మట్టి తడిపి, తొట్టిలో నీరు పోయాలి. స్థవిరులను ఒరుసుకొని కూర్చోరాదు; చిన్నవారిని ఆసనం నుండి తొలగించనూ రాదు. శక్తి ఉంటే స్థవిరులకు పరిచర్య చేయాలి. చివర వెళ్లేవాడు బురద కడిగి, మట్టితొట్టి శుభ్రపరచి, పీటలు సర్ది, నిప్పు ఆర్పి, తలుపు మూసి వెళ్లాలి. నిప్పు చేతిలో ఉన్నవానికి లోపలివారి ప్రాణాల మీద అధికారం ఉంటుంది. ఆ అధికారాన్ని వత్తం సేవగా మార్చింది.

తెలుగు ఇళ్లలో ఈ సేవ కాగు వద్ద జరిగేది. 'కాగు' అంటే వేడెక్కడం. నీళ్లు కాచే పెద్ద పాత్ర పేరూ అదే. తలంటి పండుగనాడు చీకటితోనే లేచి, పెరట్లో నీళ్లపొయ్యి రాజేసి, కుంకుడురసం తీసి, సున్నిపిండి కలిపి, అందరికీ నీళ్లు తోడిన ఇల్లాలే చాలా ఇళ్లలో చివర స్నానం చేసేది. మొదట వచ్చేవాని పనీ, చివర వెళ్లేవాని పనీ ఆమెవే అయ్యాయి. వినయం వాటిని ఇద్దరికి పంచింది. తరువాత వచ్చిన రాగి బాయిలరు కట్టెను ఆదా చేసింది. దాని మధ్యనున్న గొట్టంలో నిప్పు మండుతుంది, చుట్టూ నీరు నిలుస్తుంది కనుక వేడి వృథా కావడం తగ్గుతుంది. కాగిన నీరు కొంతసేపు నిల్వ ఉంటుంది. ఇటువంటి పాత్రను హిమాచల్ ప్రాంతంలో హమామ్ అంటారు. ఎర్రకోటలోని షాజహాను కాలపు స్నానశాల పేరూ అదే. అక్కడ పడమటి గది వేడి స్నానానికి ఉద్దేశించినది, దానిని కాచే ఏర్పాటు పడమటి గోడలో ఉన్నది.

ఆ కోటకు యమున ఆవల ఉన్న లక్ష్మీ నగర్ వంటి పేటలలో నేడు మీట నొక్కితే వేడినీరు వస్తుంది. అయినా ఢిల్లీ పరిసరాలలో చలికాలం వచ్చిందంటే, మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించినవారు మరణించిన వార్తలు వింటూనే ఉంటాం. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ధూమనేత్తం, నిప్పు ఆర్పి వెళ్లాలన్న వత్తం గ్రంథంలో మాత్రమే ఉండవలసినవి కావు. విహారంలో గాని, అద్దె గదిలో గాని, నిప్పు రాజేసినవారు చివరివారు బయటికి వచ్చేవరకు బాధ్యులు.