షౌకత్ కైఫీ: దక్కన్ ఇంటి అమ్మాయి, బొంబాయి రంగస్థలం, హిందీ తెర

ఎడపల్లి (నిజామాబాద్ జిల్లా): 'ఉమ్రావ్ జాన్' సినిమాలో లక్నో కోఠా నడిపే ఖానుమ్ జాన్‌ను ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు. ఆ పాత్ర వేసినావిడ పేరు షౌకత్ కైఫీ. కొన్ని సినిమాల టైటిళ్లలో షౌకత్ ఆజ్మీ అని కూడా పడుతుంది. కవి కైఫీ ఆజ్మీ భార్య, షబానా ఆజ్మీ తల్లి అంటే మన ఇళ్లలో అందరికీ అర్థమవుతుంది. కానీ ఆమె హైదరాబాద్ సంస్థానంలో పెరిగిన అమ్మాయి అని, భర్త పేరు, కూతురి పేరు పక్కన పెట్టినా తన పేరు మీదనే నిలబడే నటి అని తెలిసినవాళ్లు తక్కువ. ఆమె జీవితం, నటన గురించి వివరంగా ఈ వ్యాసం.

పుట్టిల్లు

షౌకత్ 1926లో పుట్టారు. కుటుంబం మూలాలు ఉత్తరప్రదేశ్‌లో ఉన్నా, ఆమె పెరిగింది మాత్రం నిజాం ఇలాకాలోనే. హైదరాబాద్, ఔరంగాబాద్ రెండూ ఆమెకు సొంత ఊళ్లే. అప్పట్లో ఔరంగాబాద్ కూడా హైదరాబాద్ సంస్థానంలో భాగమే, మన నిజామాబాద్ జిల్లా లాగానే. ఆ రెండు ఊళ్లనూ కలిపే రైలు దారి ఇప్పటికీ నిజామాబాద్ మీదుగా, బాసర దాటి, నాందేడ్ వైపు పోతుంది.

ఆ కాలంలో మర్యాదగల ముస్లిం ఇళ్లలో ఆడపిల్లలకు పర్దా ఉండేది. నాటకం, సినిమా అనే మాటే ఇంట్లో వచ్చేది కాదు. షౌకత్ తండ్రి మాత్రం కూతురి మాట వినే మనిషి. ఆమె పెళ్లి విషయంలో ఆయన తీసుకున్న నిర్ణయమే తర్వాత జరిగిన అన్నింటికీ మొదలు.

ముషాయిరాలో పరిచయం

1947 మొదట్లో హైదరాబాద్‌లో ఒక ముషాయిరా జరిగింది. బొంబాయి నుంచి కైఫీ ఆజ్మీ, అలీ సర్దార్ జాఫ్రీ లాంటి అభ్యుదయ కవులు వచ్చారు. కైఫీది ఉత్తరప్రదేశ్ ఆజంగఢ్ జిల్లాలోని మిజ్వాన్ గ్రామం. కమ్యూనిస్టు పార్టీలో పూర్తికాలం కార్యకర్త. ఆయన 'ఔరత్' అనే నజ్మ్ చదివారు. ఆడది మగవాడి వెనక కాదు, పక్కన నడవాలన్నది ఆ నజ్మ్ సారాంశం. అది విన్నాక చేసుకుంటే ఈ మనిషినే చేసుకోవాలని నిశ్చయించుకున్నట్టు షౌకత్ తర్వాత చెప్పుకున్నారు.

ఇంట్లో ఒప్పుకోలేదు. పిల్లవాడికి ఆస్తి లేదు, ఉద్యోగం లేదు, పైగా పార్టీ మనిషి. అప్పుడు తండ్రి ఒక పని చేశారు. కూతురిని వెంటబెట్టుకుని బొంబాయి పోయి, కైఫీ ఎట్లా బతుకుతున్నాడో ఆమె కళ్లతో ఆమెనే చూడమన్నారు. చూసింది. అయినా మాట మార్చలేదు. 1947 మే నెలలో బొంబాయిలో రచయిత సజ్జాద్ జహీర్ ఇంట్లో నికాహ్ జరిగింది. దేశానికి స్వాతంత్ర్యం, విభజన రావడానికి ఇంకా మూడు నెలలు కూడా లేదు.

నలభై రూపాయల కాపురం

కైఫీ సంపాదించింది పార్టీకి ఇచ్చేసేవారు. పార్టీ తిరిగి నెలకు 40 రూపాయలు ఇచ్చేదని షబానా చాలా ఇంటర్వ్యూల్లో చెప్పారు. కాపురం మొదట పార్టీ కమ్యూన్‌లో. తర్వాత రెడ్ ఫ్లాగ్ హాల్ అనే చోట. అక్కడ ఎనిమిది కుటుంబాలు, తలా ఒక గది. అందరికీ కలిపి ఒకటే బాత్రూం. ఇంట్లో నౌకర్లతో పెరిగిన అమ్మాయికి ఇది చిన్న మార్పు కాదు.

పార్టీ నాయకుడు పి.సి. జోషి ఆమెతో, కమ్యూనిస్టు భార్య ఖాళీగా కూర్చోకూడదు, ఏదో ఒక పని చేయాలని అన్నారట. ఆ మాటను ఆమె మనసుకు తీసుకున్నారు. ఇల్లు నడవాలంటే రెండో ఆదాయం కావాలి. ఆమెకు చేతనైంది గొంతు, మాట, నటన. అందుకే షౌకత్ విషయంలో నటన సరదాగా మొదలైన పని కాదు, కుటుంబాన్ని నిలబెట్టిన జీతం అని గుర్తుపెట్టుకోవాలి.

మొదటి కొడుకు ఖయ్యాం పసితనంలోనే చనిపోయాడు. మళ్లీ కడుపుతో ఉన్నప్పుడు, కైఫీ అజ్ఞాతంలో ఉన్నారు, చేతిలో డబ్బు లేదు కాబట్టి ఈ బిడ్డ వద్దని పార్టీ వైపు నుంచి సలహా వచ్చింది. షౌకత్ వినలేదు. పుట్టింటికి హైదరాబాద్ వచ్చారు. 1950 సెప్టెంబర్ 18న ఇక్కడే కూతురు పుట్టింది. ఇంట్లో మున్నీ అని పిలిచేవారు. పదకొండేళ్లు వచ్చాక అలీ సర్దార్ జాఫ్రీ పెట్టిన పేరు షబానా. తర్వాత పుట్టిన కొడుకు బాబా ఆజ్మీ పెద్దయ్యాక సినిమా ఛాయాగ్రాహకుడయ్యాడు.

ఇప్టా, పృథ్వీ థియేటర్స్

ఇప్టా అంటే భారత ప్రజా నాట్య సంఘం. 1943లో బొంబాయిలో పుట్టింది. మన తెలుగు ప్రాంతంలో ప్రజానాట్యమండలి పేరుతో పనిచేసింది దీని శాఖే. పల్లెల్లో బుర్రకథలు, నాటకాలు వేసిన ప్రజానాట్యమండలిని మన పెద్దవాళ్లు చాలామంది ఎరుగుదురు. అదే సంఘం బొంబాయి వైపు షౌకత్ పనిచేశారు. ఇస్మత్ చుగ్తాయ్ మతకల్లోలాల మీద రాసిన 'ధానీ బాంకే' ఆమె మొదటి రోజుల నాటకాల్లో ఒకటి. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్'‌కు బేగం ఖుద్సియా జైదీ చేసిన ఉర్దూ రూపం 'ఆజర్ కా ఖ్వాబ్'‌లోనూ నటించారు.

జీతం వచ్చే పని పృథ్వీరాజ్ కపూర్ నడిపిన పృథ్వీ థియేటర్స్‌లో దొరికింది. ఆ బృందం ఊరూరా తిరిగి ప్రదర్శనలు ఇచ్చేది. రైల్లో మూడో తరగతి ప్రయాణాలు, దిగిన ఊర్లో రిహార్సల్, రాత్రికి ఆట. బిడ్డను చూసుకునే మనిషి లేదు. అందుకని పసిగుడ్డుగా ఉన్న షబానాను వీపుకు కట్టుకుని రిహార్సల్స్‌కు పోయేవారు. తాను రంగస్థలం వాసన పీల్చింది అట్లనే అని షబానా ఎన్నోసార్లు చెప్పారు.

నాటకంలో మైకుల మీద ఆధారపడే రోజులు కావవి. చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా మాట వినబడాలి, అర్థం కావాలి. సినిమాల్లో షౌకత్ ఉర్దూ అంత శుభ్రంగా, ప్రతి అక్షరం విడిగా వినబడడానికి కారణం ఆ ఏళ్ల సాధనే.

గరమ్ హవా: ముస్లిం ఇంటి కథ

చేతన్ ఆనంద్ 'హీర్ రాంఝా' (1970) లాంటి సినిమాల్లో ఆమె కనిపించారు. దాని మాటలన్నీ కైఫీ పద్యంలో రాశారు. కానీ ఆమె పేరు నిలిచిపోయింది ఎం.ఎస్. సత్యూ తీసిన 'గరమ్ హవా'తో.

విభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసే సలీం మీర్జా కుటుంబం కథ ఇది. అన్న పాకిస్తాన్ వెళ్లిపోతాడు. హవేలీ అన్న పేరు మీద ఉంది కాబట్టి కాందిశీకుల ఆస్తి కింద పోతుంది. బ్యాంకులు అప్పు ఇవ్వవు, రేపు నువ్వూ పోతావేమో అని. అద్దెకు ఇల్లు అడిగితే పేరు విని తలుపు వేస్తారు. సలీం మీర్జాగా బల్‌రాజ్ సాహ్నీ, ఆయన భార్య జమీలాగా షౌకత్ కైఫీ. కొడుకు సికందర్ పాత్రతో ఫారూఖ్ షేక్ సినిమాల్లోకి వచ్చారు.

ఇంటి మగవాడు సిద్ధాంతం మాట్లాడతాడు. ఇంటి ఆడది రేపు పొయ్యి ఎట్లా వెలుగుతుంది, పిల్ల పెళ్లి ఎట్లా అవుతుందని ఆలోచిస్తుంది. ఆ ఆందోళనను షౌకత్ ఏడుపులు, కేకలు లేకుండా చూపించారు. పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడు, ఇరుకు ఇంట్లో సామాను సర్దుకునేటప్పుడు ఆమె ముఖం చూస్తే చాలు, విషయం తెలిసిపోతుంది. చివరికి కుటుంబం పాకిస్తాన్ పోవడానికి టాంగా ఎక్కుతుంది. దారిలో ఉద్యోగాలు, హక్కుల కోసం పోతున్న ఊరేగింపు ఎదురవుతుంది. కొడుకు దిగి కలుస్తాడు, వెనకనే తండ్రి కూడా. భార్య అదే టాంగాలో ఇంటికి తిరిగి పోతుంది.

ఫిల్మ్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఇచ్చిన రెండున్నర లక్షల రూపాయల అప్పుతో ఈ సినిమా మొదలైంది. కథ ఇస్మత్ చుగ్తాయ్‌ది. స్క్రీన్‌ప్లే కైఫీ, షమా జైదీ కలిసి రాశారు. బల్‌రాజ్ సాహ్నీ డబ్బింగ్ ముగించిన మర్నాడే, 1973 ఏప్రిల్ 13న చనిపోయారు. అల్లర్లు అవుతాయనే భయంతో సెన్సార్ దగ్గర సినిమా నెలల తరబడి ఆగింది. విడుదలయ్యాక జాతీయ సమైక్యత మీద ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. ఆస్కార్‌కు భారత్ తరఫున పంపింది కూడా దీన్నే.

ఆ రోజుల్లోనే కైఫీకి పక్షవాతం వచ్చి ఎడమ వైపు చచ్చుబడింది. అప్పటి నుంచి 2002 మే 10న ఆయన పోయే వరకు దాదాపు 30 ఏళ్లు ఇంటి బరువు, ఆయన సేవ, తన నటన మూడూ షౌకత్ నడిపించారు.

ఖానుమ్ జాన్, హజ్జన్ బీ

ముజఫ్ఫర్ అలీ 'ఉమ్రావ్ జాన్' 1981లో వచ్చింది. రేఖకు జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. ఎత్తుకొచ్చిన పసిపిల్లను కొని, చదువు, పాట, ఆట నేర్పించి, ఆ పిల్ల మీదనే సంపాదించే యజమానురాలు ఖానుమ్. షౌకత్ ఆ పాత్రను పూర్తి చెడ్డదిగా చేయలేదు. ప్రేమగా మాట్లాడుతూనే లెక్క చూసుకునే మనిషిగా చేశారు. అందుకే భయం వేస్తుంది.

మరుసటి ఏడాది సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' వచ్చింది. ఇది నేరుగా హైదరాబాద్ కథ. గల్ఫ్‌లో డబ్బు సంపాదించిన పెద్ద వయసు మనిషి పేదింటి పిల్లను నికాహ్ పేరుతో కొనుక్కోవడం దీని విషయం. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్, సుప్రియా పాఠక్ నటించారు. షౌకత్ హజ్జన్ బీగా కనిపిస్తారు. మన హైదరాబాద్ కవి మఖ్దూం మొహియుద్దీన్ గజల్ ఇందులో పాటగా వినిపిస్తుంది. గల్ఫ్ దారి తెలియని ఇల్లు అరుదుగా ఉండే నిజామాబాద్ జిల్లా వాళ్లకు ఈ కథ కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

'అంజుమన్' (1986)లో తల్లీకూతుళ్లు ఇద్దరూ ఉన్నారు. లక్నోలో చికన్ కుట్టుపని చేసే ఆడవాళ్లను దళారులు ఎట్లా దోచుకుంటారన్నది కథ. మన దగ్గర ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు చూస్తే, ఆ లెక్కల పుస్తకం, ఆ కోతలు వెంటనే గుర్తుపడతారు. మీరా నాయర్ 'సలామ్ బాంబే' (1988)లో కూడా ఆమె నటించారు. ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల విభాగంలో నామినేషన్ పొందిన సినిమా అది.

తెరపై చివరిగా గుర్తుండే పాత్ర 2002లో వచ్చిన 'సాథియా'లోది. తెలుగులో 'సఖి'గా మనం చూసిన మణిరత్నం సినిమాకు హిందీ రూపం ఇది. దర్శకుడు షాద్ అలీ, ముజఫ్ఫర్ అలీ కొడుకు. అంటే తండ్రి సినిమాలో ఖానుమ్, కొడుకు సినిమాలో బువా.

యాద్ కీ రహగుజర్

షౌకత్ తన జ్ఞాపకాలను ఉర్దూలో 'యాద్ కీ రహగుజర్' పేరుతో రాశారు. నస్రీన్ రెహమాన్ ఇంగ్లీషులోకి తెచ్చారు. దాని ఆధారంగా 'కైఫీ ఔర్ మై' అనే నాటకం తయారైంది. కైఫీ మాటలు జావేద్ అఖ్తర్, షౌకత్ మాటలు షబానా వేదిక మీద చదువుతారు. తల్లి బతికి ఉండగానే ఆమె పాత్రను కూతురు వేయడం అరుదైన సంగతి. పుస్తకంలో హైదరాబాద్ ఇళ్లు, బట్టలు, రంగులు, కమ్యూన్ వంటగది, అద్దె బాధలు అన్నీ ఉంటాయి. ఉర్దూ చదవగలిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పిల్లలకు చదివి వినిపించదగ్గ పుస్తకం.

2019 నవంబర్ 22న ముంబైలోని ఇంట్లో, 93 ఏళ్ల వయసులో షౌకత్ కన్నుమూశారు.

కూతురికి ఇచ్చింది

షబానా మొదటి సినిమా, శ్యామ్ బెనెగల్ 'అంకుర్' (1974), తీసింది హైదరాబాద్ దగ్గరి పల్లెలోనే. అందులో ఆమె మాట్లాడేది మన దఖ్ఖనీ యాస. మొదటి సినిమాకే జాతీయ అవార్డు వచ్చింది. మొత్తం ఐదుసార్లు ఆ అవార్డు అందుకున్నారు. తెలుగులో 'నిన్నే పెళ్లాడతా'తో మన ఇళ్లకు దగ్గరైన టబు కూడా ఈ కుటుంబం బంధువే.

ఇంట్లో ఆడపిల్ల పని చేయాలా వద్దా, చేస్తే ఏ పని అన్న మాట మన కుటుంబాల్లో ఇంకా నడుస్తూనే ఉంది. షౌకత్ జీవితంలో మూడు విషయాలు గమనించాలి. తండ్రి కూతురి ఇష్టాన్ని అడిగి, వెంట పోయి చూసి, ఒప్పుకున్నాడు. భర్త భార్య పనిని తన పనితో సమానంగా చూశాడు. ఆమె బిడ్డను వదలకుండా, పనినీ వదలకుండా రెండూ మోసింది. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా ఖానుమ్ జాన్ మనకు దొరికేది కాదు.

ఒక్క చూపులో

పుట్టుక: 1926
పెరిగింది: హైదరాబాద్, ఔరంగాబాద్
నికాహ్: 1947 మే, బొంబాయి
పిల్లలు: ఖయ్యాం (పసితనంలో మరణం), షబానా, బాబా
రంగస్థలం: ఇప్టా, పృథ్వీ థియేటర్స్
ముఖ్యమైన సినిమాలు: హీర్ రాంఝా (1970), గరమ్ హవా (1973), ఉమ్రావ్ జాన్ (1981), బాజార్ (1982), అంజుమన్ (1986), సలామ్ బాంబే (1988), సాథియా (2002)
పుస్తకం: యాద్ కీ రహగుజర్
మరణం: 2019 నవంబర్ 22, ముంబై

వీటిలో కుటుంబమంతా కలిసి కూర్చుని చూడాలంటే ముందు 'గరమ్ హవా' చూడండి. 'ఉమ్రావ్ జాన్', 'బాజార్', 'సలామ్ బాంబే' పెద్ద పిల్లలకే.