జూలియను చక్రవర్తి దేవతారాధనము నేర్చిన తెఱఁగు

రోమక సామ్రాజ్యమును క్రీ. శ. 361 మొదలు 363 వఱకుఁ బాలించిన జూలియను క్రైస్తవ కుటుంబమునఁ బుట్టి, క్రైస్తవ గురువులయొద్దఁ బెరిఁగి, పిమ్మట యవనుల ప్రాచీనదేవతల నాశ్రయించినవాఁడు. ఆ దేవతల నారాధించువారిని ‘పాగను’లని వ్యవహరింతురు. లాటినుభాషలో నీ శబ్దమునకు గ్రామవాసి యని యర్థము కలదు. మన యాలంకారికుల ‘గ్రామ్య’ శబ్దమువలె నిదియుఁ బరులు పెట్టిన పేరే కాని వారు తమకుఁ బెట్టుకొన్నది కాదు. ఈ చక్రవర్తి వారి యాచారము నెట్లు నేర్చె ననునదియే యిచట విచార్యము.

మొదట నతనికి దొరకినవి గ్రంథములు మాత్రమే. కప్పదోకియ దేశమున మాసెల్లమను రాజగృహమందు బందివలె గడపిన యాఱేండ్లలో, జార్జి యను మతాధికారియొద్దఁ బుస్తకముల నెరవు తెచ్చుకొని ప్రతులు వ్రాయించుకొనెను. నికొమీడియలో లిబానియసు నుపన్యాసములకుఁ బోరాదని యానపెట్టఁగా, తాను పోక, ధనమిచ్చి యా పాఠముల వ్రాఁతప్రతులు తెప్పించుకొని చదివెను. ఎదుటఁ గూర్చుండి వినినవారికంటె నితఁడే తన శైలిని జక్కఁగాఁ బట్టుకొన్నాఁడని లిబానియసే సంతసించినాఁడు. వాగ్విద్య యట్లు రావచ్చును. పూజావిధి సంగతి వేఱు.

పెర్గమమున వృద్ధుఁడగు ఐడేసియసు శిష్యులలో యుసేబియసు తర్కప్రియుఁడు. మాక్సిమసు అనువాఁడు హెకటీదేవి గుడిలో ధూపము వేసి స్తోత్రము జపింపఁగా విగ్రహము నవ్వెననియు, దేవి చేతిదివిటీలు తమంతఁ దామే వెలిఁగెననియు నతఁడు జూలియనునకు వర్ణించి, యిట్టి గారడిని మెచ్చవలదని బుద్ధి చెప్పెను. ఫలము విపరీతమయ్యెను. జూలియను ఆ పండితుని పుస్తకముల నతనికే విడిచి, తాను వెదకువాని జాడ తెలిసినదని యెఫెసునకుఁ బయనమయ్యెనఁట! ఈ కథ వ్రాసిన యునాపియసు కన్నవాఁడు కాఁడు. కాని యా గోష్ఠిలోని క్రిసాంథియసునకు శిష్యుఁడు గావున దీని నూరక త్రోసివేయరాదు. ఈ మార్గమునకుఁ బ్రమాణమైన యాంబ్లికసు మతమునను దేవతాసాయుజ్యము కేవల చింతనముచేఁ గాక కర్మానుష్ఠానముచేతనే సిద్ధించును. 355లో ఆథెన్సునకు వచ్చినపుడు జూలియను ఎలూసిసు క్షేత్రమందలి ప్రధానార్చకుని నాశ్రయించి దీక్ష గైకొనెను.

మహాభాష్యకారుఁడు విద్య నాలుగువిధముల నుపయుక్త మగునని చెప్పి ఆగమ, స్వాధ్యాయ, ప్రవచన, వ్యవహార కాలములను లెక్కించినాఁడు. ఆ కొలఁదినిఁ జూడఁగా జూలియనునకు స్వాధ్యాయము మెండు. ఆగమము చాటుగా, ఆలస్యముగా లభించెను. ప్రవచనమునందైతే, దేవతలను నమ్మనివారు హోమరు కావ్యములను బాఠము చెప్పరాదని 362లో శాసించెను. (ఇది న్యాయ్యమని నాకుఁ దోఁపదు. పాణిని సూత్రములు చెప్పువానిని నీ మతమేమని యడుగుదుమా?) వ్యవహారమునఁ గలిగిన పరాభవము నతఁడే ‘గడ్డపుద్వేషి’ యను తన గ్రంథమునఁ జెప్పుకొన్నాఁడు. అంతియొకయ నగరము చెంత డాఫ్నీవనమున అపోలో దేవుని వార్షికోత్సవము. బలిపశువులు, గాయకబృందములు, ధూపములు, శుభ్రవస్త్రములు దాల్చిన బాలురు తన కెదురగుదురని యూహించుచుఁ బోయెను. అచట ధూపమైనను, పిండివంటయైనను లేదు. అర్చకుఁ డొక్కఁడు నిలిచి, ఊరివా రేమియు నీయలేదనియుఁ దానే యింటినుండి యొక బాతును దెచ్చితిననియుఁ జెప్పెను! చక్రవర్తి పుస్తకములయందుఁ జదివిన యుత్సవ మతని మనసున నుండెనే కాని యా కోవెలలో లేదు.

363లో పారసీక యుద్ధమున గాయపడి యతఁడు మరణించెను. 395-396లలో గోతుల దండయాత్రలో ఎలూసిసు పాడయ్యెను. దీక్షామంటపపుఁ బునాదులను నేఁడును జూడవచ్చును. లోపల నర్చకుఁడు చూపినదేదో జూలియను తన గ్రంథములలో నెచటను బయలుపఱుపలేదు.