కంటికి కానరాని శత్రువు – కుక్కల గజ్జి చికిత్సా చరిత్ర

మన తిట్లలో "గజ్జికుక్క" అనునది మిక్కిలి కఠినమైనది. జ్వరము తగిలిన ఎద్దును ఎవరును నిందింపరు. కుంటుచున్న గుఱ్ఱమును చూచి జాలిపడుదురు. కుక్క విషయమున మాత్రము వ్యాధియే దాని పేరై, ఆ పేరే నేరమైనది. నన్నయభట్టు తెలుగున రచించిన ఆదిపర్వములో సరమ అను దేవశుని కథ గలదు. జనమేజయుని యజ్ఞభూమిలో ఆడుకొనుచున్న దాని పిల్లను రాజసోదరులు తప్పు లేకయే కొట్టిరి. తల్లి వచ్చి రాజును నిలదీసినది. తప్పెరుగని ప్రాణిని దండించుట తగునా అను ఆ ప్రశ్న మన వీధులలో నేటికిని నిలిచియే యున్నది. ఏలన, గజ్జి కుక్క చేసిన తప్పు గాదు; అది ఒక చిన్నపురుగు చేయు పని. ఈ సంగతి లోకమునకు తెలియుటకు ఎంత కాలము పట్టినదో తెలిసికొందము.

విజయవాడకు వాయవ్యముగా, కృష్ణ యొడ్డున, హైదరాబాదు రహదారిపై ఇబ్రహీంపట్నమున్నది. జగదల్పూరు వైపు పోవు రహదారి ఇచ్చటనే చీలును. ఒకప్రక్క కొండపల్లి బొమ్మల ఊరు, మరియొక ప్రక్క తాపవిద్యుత్కేంద్రము, దిగువన ఫెర్రీ రేవు. లారీలు ఆగుచోట భోజనశాలలుండును, భోజనశాలలున్నచోట ఎంగిలాకులుండును, ఎంగిలాకులున్నచోట కుక్కలు చేరును. ఒకచోట చేరి, ఒకదానినొకటి ఒరసికొని పండుకొను కుక్కలలో ఒకదానికి గజ్జి తగిలినచో, అది తక్కినవానికి ప్రాకుటకు ఎన్నియో దినములు పట్టదు. ఈ కథ ఈ ఊరిది మాత్రమే కాదు. ఇట్టి కూడలి ప్రతిదానిదియు.

కుక్కలకు వచ్చు గజ్జిలో ముఖ్యముగా రెండు విధములు గలవు. మొదటిది సార్కోప్టిస్ అను పురుగు వలన వచ్చునది. ఆడుపురుగు మిల్లీమీటరులో సగమునకు మించదు. అది పైచర్మమును తొలిచికొనిపోయి, ఆ సొరంగములోనే గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు మూడునాలుగు దినములలో పొదుగును. రెండు మూడు వారములలో పిల్ల పెద్దదగును. చెవి అంచులు, మోచేతులు, పొట్ట మొదట చెడును. రేయింబవళ్లు తీరని దురద. ఇది అంటువ్యాధి, కుక్కను ముట్టిన మనుష్యునికిని కొన్ని దినములు దద్దురులు రావచ్చును. రెండవది డెమోడెక్స్ అను పురుగుది. ఇది రోమకూపములలో కాపురముండును. తల్లి పాలిచ్చు తొలిదినములలోనే పిల్లలకు చేరును. ఆరోగ్యము గల కుక్క మేనిపైనను కొలదిగా ఉండును. దేహబలము తగ్గినప్పుడే పెచ్చుపెరిగి వెండ్రుకలు రాల్చును. ఇది ఒక కుక్కనుండి మరియొకదానికి అంటునది కాదు. ఈ రెంటికిని భేదము తెలియక ఒకటే మందు వేయుట అనర్థము.

పూర్వులకు పురుగు కానరాకపోయినను మందు తెలియకపోలేదు. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున రోము నగరపు కేటో తన వ్యవసాయ గ్రంథములో గొఱ్ఱెల గజ్జికి ఆలివునూనె మడ్డి, లుపిన్ గింజలు ఉడికించిన నీరు, ద్రాక్షసారాయి మడ్డి కలిపి పూయుమనెను. మన పల్లెలలో గంధకము నూరి నూనెలో కలిపి రాచుట, కానుగ నూనె, వేపనూనె, పసుపు వాడుట తరతరముల నుండి వచ్చుచున్నవి. ఇందు గంధకము నిజముగా పురుగును చంపగల ద్రవ్యము. నేటి వైద్యులును సున్నము, గంధకము కలిపి కాచిన ద్రావణమును వాడుదురు. కాని కారణము తెలియనందున పూర్వపు చికిత్స సగములో ఆగెడిది. దురద తగ్గినంతనే మందు మానుదురు. మందునకు చావని గ్రుడ్లు పొదిగి, పదిహేను దినములకు వ్యాధి మరల తలయెత్తును. "గజ్జి మానదు" అను నమ్మకము ఇట్లు పుట్టినది కాబోలు.

కారణమును చూపినవారు ఇటలీ దేశీయులు. లివోర్నో రేవుపట్టణమున పేదస్త్రీలు తమ బిడ్డల గజ్జిపొక్కులలో నుండి సూదిమొనతో ఏదో తీసివేయుచుండిరి. ఆ సంగతి విని బొనోమో అను వైద్యుడును, చెస్తోని అను ఔషధకారుడును సూక్ష్మదర్శినితో పరిశీలించి, అది ప్రాణము గల పురుగనియు, గ్రుడ్లు పెట్టుననియు 1687లో ఫ్రాంచెస్కో రెడీ అను పండితునికి లేఖ వ్రాసిరి. ఒక వ్యాధికి కంటికానని ప్రాణి కారణమని రుజువైన తొలి సందర్భములలో ఇది యొకటి. అయినను దేహమున దోషములు ప్రకోపించుటచే గజ్జి పుట్టునని నమ్మిన వైద్యలోకము దానిని పెడచెవిని పెట్టినది. 1812లో గాలె అనునతడు పారిసులో పురుగును చూపెనని పేరొందెను. అతడు చూపినది జున్నులోని పురుగని తరువాత తేలి, అసలు సత్యమునకే అపకీర్తి వచ్చినది. తుదకు 1834లో కోర్సికా ద్వీపపు విద్యార్థి రెనూచి, తన దేశపు స్త్రీలవద్ద చూచిన సూది విద్యను పారిసులోని సెయింట్ లూయీ ఆసుపత్రిలో అందరియెదుట చేసి చూపెను. నూటనలువదియేడు సంవత్సరముల వివాదమును అక్షరజ్ఞానము లేని తల్లుల నేర్పు తీర్చినది.

1842లో బెర్లిన్ వైద్యుడు గుస్తావ్ సైమన్ మనుష్యుని రోమకూపములలో రెండవ జాతి పురుగును వర్ణించెను. కుక్కలలోని దానికి 1859లో లైడిగ్ నామకరణము చేసెను. శత్రువు దొరికిన పిమ్మట ఆయుధముల వెదకులాట సాగినది. మన ఇండ్లలో గమాక్సిన్ అని పేరుపడిన పొడి అట్టిదే. 1825లో ఫారడే ప్రయోగశాలలో తయారైన పదార్థమునకు పురుగులను చంపు గుణమున్నదని 1940 దశకములో తేలినది. అది పురుగును చంపినను ప్రకృతిలో నశింపదు. నాకి మ్రింగిన కుక్కకును కీడు చేయును. ఆ పొడిలోని సారమైన లిండేన్‌ను 2009లో స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ పట్టికలో చేర్చిరి.

నిజమైన మలుపు జపానుదేశపు మట్టిలో దొరకినది. సతోషి ఓమురా సేకరించిన నేలసూక్ష్మజీవి నుండి విలియం క్యాంబెల్ మున్నగువారు ఐవర్‌మెక్టిన్ రూపొందించిరి. 1981లో పశువైద్యమునకు వచ్చిన ఈ మందునకై వారిరువురికి 2015లో నోబెల్ బహుమానము లభించినది. అయితే కోలీ మొదలగు కొన్ని జాతులకు ఇది ప్రాణాంతకము కాగలదు. వానిలో మెదడును కాపాడు ఒక జన్యువు లోపించుటయే కారణమని 2001లో తెలిసినది. 2014 ప్రాంతమున ఫ్లూరలానెర్ వంటి నోటిమాత్రలు వచ్చి, రెండు విధముల గజ్జికిని చికిత్స సుకరమైనది. మూర్ఛరోగము గల కుక్కలకు వీనిని జాగ్రత్తగా ఈయవలెను. కనుక మందు పేరు వినుట వేరు, మోతాదు నిర్ణయించుట వేరు. రెండవది వైద్యుని పని.

ఇంత విద్య వచ్చినను వీధులలో కుక్కకు వాడిన ఇంజను నూనె పూయువారు నేటికిని గలరు. పురుగు ఊపిరాడక చచ్చునని వారి యూహ. ఆ నూనెలోని విషము చర్మము గుండను, నాలుక గుండను లోనికి పోయి కాలేయమును, మూత్రపిండములను చెఱచును. దయతో చేసిన పనియే హింసయగును. కిరసనాయిలు సంగతియు అంతియే.

పశువైద్య విద్యకు దక్షిణదేశమున 1903లో మద్రాసు కళాశాల పునాది వేసినది. 1955లో బాపట్లలో ఆరంభమైన కళాశాల తరువాత తిరుపతికి తరలినది. 1998లో గన్నవరమున పశువైద్య కళాశాల వెలసి, కృష్ణాతీరమునకు ఆ విద్య మరల దగ్గరైనది. అట్టిచోట వైద్యుడు మొదట చేయు పని చాల చిన్నది: చిన్నకత్తితో చర్మమును గీకి, ఆ పొట్టును అద్దముపై నుంచి సూక్ష్మదర్శినిలో చూచును. బొనోమో 1687లో చేసినదియు ఇదియే. ఒక్కొక్కప్పుడు సార్కోప్టిస్ గీకుడులో చిక్కదు. అప్పుడు వైద్యుడు లక్షణములను బట్టి చికిత్స చేసి చూచును.

ఇంటికుక్క చెవి అంచును వ్రేళ్లతో నలిపినప్పుడు అది వెనుకకాలితో గోకుకొన నారంభించినచో గజ్జిని అనుమానింపవచ్చును. అప్పుడు దానిని తక్కిన కుక్కలనుండి వేరుపరచి, పరచిన గుడ్డలను వేడినీట ఉతికి, పశువైద్యునికి చూపవలెను. ఇంటిలో నున్న తక్కిన కుక్కలకును చికిత్స చేయింపవలెను. వెండ్రుకలు మొలచినంతమాత్రమున మందు ఆపక, వైద్యుడు చెప్పిన గడువువరకు నడపవలెను. అట్లు నడపిన ఇంట కొన్ని నెలలకు ఆ కుక్కను ఎవరును పాతపేరుతో పిలువరు.